గోల్ఫ్ ఆడగలరా అని అడిగితే ఏం చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

మాది ఉద్దానం. మా అన్నయ్యకు మూడేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. కిందటి నెల మిషన్ మీద ఉండగానే ఒక ఫారం తెచ్చారు. రోగుల జీవన నాణ్యత ఎలా ఉందో తెలుసుకోవడానికట. మంచి పనే. నర్సమ్మ చదువుతోంది. "టేబుల్ జరపడం, వాక్యూమ్ క్లీనర్ తొయ్యడం, గోల్ఫ్ ఆడడం లాంటి పనులకు మీ ఆరోగ్యం అడ్డొస్తోందా?" అన్నయ్య నావైపు చూశాడు. ఆయన బతుకంతా జీడితోటలోనే గడిచింది. "అవేవీ నేను చెయ్యనమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి 'బాగా అడ్డొస్తోంది' దగ్గర టిక్కు పెట్టేసింది.

ఆమె తప్పు కాదు. కిడ్నీ రోగుల కోసం అమెరికాలో తయారై చాలా దేశాల్లో వాడుతున్న 36 ప్రశ్నల పత్రంలో ఉన్న ప్రశ్నే అది. తెలుగు చేసినవాళ్లు మాటలు మార్చారు గానీ పనులు మార్చలేదు. కొబ్బరికాయలు ఒలవగలరా, బావిలో నీళ్లు తోడగలరా అని అడిగి ఉంటే అన్నయ్య ఠక్కున చెప్పేవాడు.

ఇంకో చిక్కు జవాబులతో. ఎలా ఉన్నావంటే మనవాళ్లు "పర్లేదు" అంటారు. కాలు తీసేసినా పర్లేదే, కూతురి పెళ్లి కుదిరినా పర్లేదే. ఐదు గడుల్లో అది ఎక్కడ పడుతుంది? పైగా సూది గుచ్చే మనిషే వచ్చి "ఇక్కడ వైద్యం తృప్తిగా ఉందా" అని అడిగితే లేదనే గుండె ఎవరికుంటుంది?

ప్రశ్నపత్రం నిలకడగా ఉంటే చాలనుకోకూడదు. జీడిపిక్కలు అమ్మినవాళ్లకు ఇది బాగా తెలుసు: కాటా పదిసార్లూ ఒకే తూకం చూపించవచ్చు, పదిసార్లూ రెండు కేజీలు కొట్టెయ్యనూ వచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జీవన నాణ్యత పత్రాన్ని ఒకచోట రాసి అందరికీ పంచలేదు. మద్రాసు, ఢిల్లీ సహా 15 కేంద్రాల్లో మామూలు జనాన్ని కూర్చోబెట్టి, బాగా బతకడమంటే ఏమిటని అడిగి తయారుచేసింది.

మనకూ అంత శ్రమ అక్కర్లేదా? తెలుగు పత్రాన్ని మూలం చూడనివాళ్లతో తిరిగి ఇంగ్లీషులోకి రాయించి పోల్చాలి. పదిపదిహేను మంది రోగులను ఒక్కొక్కరినీ "ఈ ప్రశ్న మీకేం అర్థమైంది?" అని అడగాలి. డయాలసిస్ దాకా రానివాళ్లకూ, వచ్చినవాళ్లకూ మార్కుల్లో తేడా కనబడుతుందో లేదో చూడాలి. ఆరోగ్యంలో మార్పేమీ లేనివాళ్లకు రెండు వారాల తర్వాత మళ్లీ ఇచ్చి చూడాలి. చదివి వినిపించేది ఆసుపత్రి మనిషి కాకూడదు. ఈ అంకెలు చూసి రేపు పథకాలు వేస్తారు కాబట్టి, పరీక్షించిన వివరాలతో సహా ఆ తెలుగు పత్రాన్ని అందరికీ కనబడేలా పెట్టాలని వైద్యశాఖను కోరుతున్నాను.

ఒక్కటి ఒప్పుకోవాలి. నీళ్లు కొలిచి తాగాల్సి రావడం ఎంత ఇబ్బందిగా ఉందని ఆ పత్రంలోనే అడిగారు. అక్కడ మాత్రం అన్నయ్య ఎవరి సాయం లేకుండా మాట్లాడాడు. పొద్దున్నే తరవాణి తాగి తోటకెళ్లే మనిషి మరి, ఐదు నిమిషాలు ఆ తరవాణి గురించే చెప్పాడు. ఫారంలో పడింది ఒక్క టిక్కు.

వచ్చే నెల మళ్లీ ఇస్తారట. "ఈసారి నువ్వే పెట్టీరా ఆ టిక్కులు" అన్నాడు అన్నయ్య.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా