అటక మీది రైలింజన్‌కు ముందే కరెంటు పెట్టకండి

సంపాదకులకు,

ఇల్లు మారేటప్పుడో, పండక్కి అటక సర్దేటప్పుడో పాత ఎలక్ట్రిక్ బొమ్మ రైళ్లు బయటపడుతుంటాయి. ఎప్పుడో ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో చుట్టాలు తెచ్చినవి. దింపగానే అందరూ చేసే మొదటి పని కరెంటు పెట్టి చూడటం. ఇంజను కదలదు, లేదా కాసేపు మూలిగి పొగ వదులుతుంది. ఇక పాత సామాన్ల బండికి వేసేస్తారు. వాటిలో చాలావాటికి ఉన్న జబ్బు ఎండిన నూనె ఒక్కటే. నూనె జిగురుగా మారి ఇరుసులు బిగుసుకున్నప్పుడు కరెంటు పెడితే మోటారు తిరగలేక కాయిల్ మాడిపోతుంది. అంతవరకు బాగు చేయదగ్గ వస్తువు ఆ క్షణంలో పోతుంది. ఈ నష్టం ఆపొచ్చని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. అమెరికా లయనెల్ రైళ్లతో వచ్చినవి సుమారు 115 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే చుట్టలు కాలిపోతాయి, మంట కూడా రావచ్చు. బ్రిటిష్‌వి మన వోల్టేజికి దగ్గరగా ఉన్నా, వాటి రబ్బరు తీగలు పెళుసెక్కి వంచితే రాలిపోతాయి. పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు. ట్రయాంగ్, హార్న్‌బీ లాంటి బ్రిటిష్ రైళ్లు నడిచేది 12 వోల్టుల డీసీ మీద. పాత ట్రాన్స్‌ఫార్మర్ బదులు 12 వోల్టుల డీసీ, 2 ఆంపియర్లు ఇచ్చే మంచి అడాప్టర్ చాలు. దానికి వరుసలో (సిరీస్‌లో) కారు బ్రేక్‌లైటు బల్బు (12 వోల్టులు, 21 వాట్లు) ఒకటి కలపండి. ఇంజన్‌లో షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, మోటారు బతుకుతుంది.

ఇక మరమ్మతు. ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో తయారైన ట్రయాంగ్ ఇంజన్లనే ఉదాహరణగా తీసుకుంటాను. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, స్కేలు 1:76. వాటిలో ఎక్కువ భాగానికి దశాబ్దాల పాటు ఎక్స్.04 అనే ఒకే రకం మోటారు వేశారు. బొమ్మల మోటార్లలో ఇంత తేలిగ్గా విప్పి బిగించగలిగింది అరుదు.

చక్రాలను వేలితో తిప్పి చూడకండి. మోటారు ఇరుసు మీద వార్మ్ (మరలాంటి గేరు) ఉంటుంది. అది చక్రాలను తిప్పగలదు గానీ, చక్రాలు దాన్ని తిప్పలేవు. బలవంతం చేస్తే గేరు పళ్లు విరుగుతాయి. పైతొడుగు తీసి, మోటారు పట్టి ఉంచే స్క్రూ (చాలా మోడళ్లలో వెనకవైపు ఒకటే) విప్పి మోటారును విడదీయండి. ఇప్పుడు చక్రాలున్న చాసిస్‌ను ఏటవాలు పలక మీద పెడితే దానంతటదే దొర్లిపోవాలి. ఒక్కో చుట్టుకు ఒకేచోట పట్టేస్తుంటే నూనె తప్పు కాదు, ఒక చక్రం ఇరుసు మీద జరిగిందన్నమాట. చక్రాలను కలిపే కడ్డీలు బిగించే క్రాంకు పిన్నులు రెండు వైపులా ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండాలి. అన్ని ఇరుసుల మీదా ఆ కోణం ఒకేలా ఉంటేనే కడ్డీలు సాఫీగా తిరుగుతాయి.

మోటారు దగ్గర ఒక హెచ్చరిక: అయస్కాంతాన్ని ఊడదీయకండి. పాత ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతాన్ని చుట్టూ ఉన్న ఇనుప ముక్కల నుంచి వేరు చేస్తే కాసేపటికే బలం తగ్గుతుంది, తిరిగి బిగించినా ఆ బలం రాదు. అయస్కాంతం నీరసించిన మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. తిరిగే ఆర్మేచర్ (కాయిళ్లు చుట్టిన భాగం) ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటును అదుపు చేస్తుంది కదా, అయస్కాంతం బలం తగ్గితే ఆ ఎదురు తగ్గిపోతుంది. మంచి ఎక్స్.04 ఖాళీగా తిరిగేటప్పుడు అర ఆంపియర్ లోపే తీసుకోవాలి. అంతకు మించి లాగుతూ చేయి కాలేంత వేడెక్కితే అనుమానించాల్సింది అయస్కాంతాన్నే.

తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలే బ్రష్‌లు. వాటిని నొక్కి ఉంచేది రెండు కాళ్ల స్ప్రింగు ఒకటే. దాని ఒక కాలికి కరెంటు పారని సన్నని గొట్టం తొడిగి ఉంటుంది. అది పోతే ఇంజను షార్టవుతుంది. ఎందుకంటే ఒక బ్రష్‌కు కరెంటు తీగ నుంచి వస్తుంది, రెండోది స్ప్రింగు ద్వారా చాసిస్‌కు కలుస్తుంది. గొట్టం ఉన్న కాలు తీగ వచ్చే బ్రష్ మీదే కూర్చోవాలి. చచ్చిపోయిందనుకున్న ఎన్నో ఇంజన్లలో లోపం ఇదే, ఎవరో విప్పి స్ప్రింగును తిరగేసి పెట్టి ఉంటారు. గొట్టం లేకపోతే సన్నని వైరు తొడుగు ముక్క కోసి తొడగండి. బ్రష్‌లు తీసేటప్పుడు ఏది ఏ వైపుదో, ఏ వాటంలో ఉందో గుర్తుపెట్టుకోండి. అవి కమ్యుటేటర్ (ఇరుసు మీద బ్రష్‌లు ఒరుసుకునే రాగి భాగం) వంపుకు తగ్గట్టు అరిగి ఉంటాయి.

కమ్యుటేటర్‌లో మూడు రాగి ముక్కలు, వాటి మధ్య మూడు సందులు. సందుల్లోని నల్లపొడిని చెక్క పళ్లపుల్లతో తీయాలి. అక్కడ కార్బన్ పేరుకుంటే ముక్కలు ఒకదానికొకటి కలిసిపోయి మోటారు గిలగిల్లాడుతుంది. రాగిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. ఎమరీ కాగితం వద్దు, దాని గింజలు బ్రష్‌లో గుచ్చుకుని రాగిని కొరుకుతాయి. తర్వాత మల్టీమీటర్‌తో రెండేసి ముక్కల మధ్య మూడుసార్లు కొలవండి. మూడూ ఒకేలా ఉండాలి. ముక్కకూ ఇరుసుకూ మధ్య ఏమీ చూపకూడదు. తేడా ఉంటే కాయిల్ పోయింది. పాత తీగ మందం, చుట్ల లెక్క సరిగ్గా రాసుకుంటే మిక్సీ మోటార్లు చుట్టే షాపులో ఓపికున్న మనిషి దీన్నీ చుట్టగలడు.

అన్నీ బాగున్నా కదలకపోతే టీవీ గరగరను ఆపడానికి పెట్టిన కండెన్సర్ వైపు చూడండి. పాతబడి లోపలే షార్టవుతుంది. ఒక కాలు విడదీసి పరీక్షిస్తే తేలిపోతుంది.

పైతొడుగు పాలీస్టైరీన్ ప్లాస్టిక్. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే కరుగుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని కుంచె చాలు. బిగించేముందు బేరింగుకు ఒక్కొక్క చుక్క చొప్పున కుట్టుమిషన్ నూనె సూది మొనతో వేయండి, వార్మ్‌కు బియ్యపు గింజంత గ్రీజు. కమ్యుటేటర్ మీద నూనె పడకూడదు. మన ఇళ్లలో చేతికందే కొబ్బరినూనె మాత్రం వద్దు. చలికాలం గడ్డకట్టి, తర్వాత జిగురై, మళ్లీ అదే జబ్బు తెస్తుంది.

బాగు కానివీ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, 1938 నుంచి వచ్చిన హార్న్‌బీ డబ్లో ఇంజన్ల జింకు పోతలో సీసం కలిసినవి ఉబ్బి, బీటలు వారి, పొడిగా రాలుతాయి. దాన్ని ఏ జిగురూ పట్టి ఉంచలేదు, ఆ భాగం మార్చడమే. ఎక్స్.04 బ్రష్‌లు, స్ప్రింగులు మాత్రం బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. అక్కడ ఉన్న మన పిల్లలు వచ్చేటప్పుడు ఒక కవరులో తేగలరు. అడాప్టర్, మల్టీమీటర్, ఆల్కహాల్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. బొమ్మ రైళ్లు కదిలే తీరు పిల్లలకు చూపాలనుకునేవారు పుణేలోని జోషి మినియేచర్ రైల్వే మ్యూజియానికి తీసుకెళ్లండి. మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి చేతిపనులకు నెలకొక పేజీ కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్