క్రిమినాలజీ సీటు ఇచ్చేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి

సంపాదకులు గారికి,

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మీ పేపర్ నిండా ప్రైవేటు యూనివర్సిటీల ప్రకటనలే. ఈ మధ్య వాటిలో క్రిమినాలజీ (నేరాలనీ నేరస్థులనీ అధ్యయనం చేసే శాస్త్రం), క్రిమినల్ జస్టిస్ అనే కోర్సులు కూడా కనిపిస్తున్నాయి. ఓ పక్కన బేడీల బొమ్మ, ఇంకో పక్కన వేలిముద్ర, కింద పోలీసు, సీబీఐ, ఫోరెన్సిక్ అంటూ ఉద్యోగాల వరస. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నేను ఇదే కోర్సు మూడో ఏడాది చదువుతున్నాను. ఈ సబ్జెక్టంటే నాకు ప్రాణం, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అడ్మిషన్ రోజున కౌన్సెలర్ మా నాన్నతో, "అమ్మాయికి ఎస్సై పోస్టు గ్యారంటీ సార్, ఈ డిగ్రీ వాళ్లకి ప్రిఫరెన్స్ ఉంటుంది" అన్నారు. ఆ ప్రిఫరెన్స్ ఎక్కడా లేదు. సివిల్ ఎస్సైకి ఏ డిగ్రీ అయినా చాలు, బీకాం చదివినా బీఏ తెలుగు చదివినా ఒకటే. 2022 నాటి తెలంగాణ నోటిఫికేషన్ తీసి చూడండి, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని ఉంది గానీ క్రిమినాలజీకి విడిగా మార్కులని ఎక్కడా లేదు. (నాన్న ఇప్పటికీ నోటిఫికేషన్ ఎప్పుడమ్మా అని అడుగుతూనే ఉంటారు, నేను పొద్దున్నే లేచి పరుగు ప్రాక్టీసు చేస్తూనే ఉన్నాను.) ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చేరాలంటే సైన్స్ చదివి ఉండాలి, ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు) కావాలంటే లా డిగ్రీతో పాటు కోర్టులో ప్రాక్టీసు ఉండాలి. ఇవన్నీ ఆ రోజే చెప్పి ఉంటే మావాళ్లు ఆలోచించుకునేవారు. తెలంగాణలో ప్రైవేటు యూనివర్సిటీ తన ఫీజు తానే పెట్టుకుంటుంది, రీయింబర్స్‌మెంట్ రాదు, ఆ డబ్బంతా అప్పు చేసి తెచ్చేది అమ్మానాన్నలే.

అలాగని ఈ చదువు దండగ అని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. మా ఇంటర్న్‌షిప్ ఒక మేజిస్ట్రేట్ కోర్టులో జరిగింది. వెనక బెంచీ మీద కూర్చుని చూసేవాళ్లం. రిమాండ్ పొడిగింపుకి జైలు నుంచి వీడియోలో ఒక్కొక్కరినీ కూర్చోబెడతారు, పేరు పిలుస్తారు, తర్వాతి వాయిదా తేదీ చెబుతారు, అంతే, ఆ మనిషి లేచిపోతాడు, ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. ఒక కుర్రాడు మాత్రం లేవకుండా ఏదో అడగబోయాడు. మైకు పనిచేయలేదు, పెదవులు కదలడమే కనిపించింది, పక్కనున్న జైలు సిబ్బంది భుజం తట్టి లేపేశారు. ఎవరినీ తప్పు పట్టడం లేదు, ఆ రోజు కాజ్ లిస్ట్, అంటే విచారణకి వచ్చే కేసుల జాబితా, అంత పొడుగ్గా ఉంది. కానీ అతను ఎన్నాళ్లుగా లోపల ఉన్నాడు, బెయిల్ వచ్చినా జామీను పెట్టేవాళ్లు లేక ఉండిపోయాడా, ఇంట్లో ఎవరున్నారు అని కనుక్కునే పని ఎవరిది? ఆ పని చేయడానికి తయారయ్యేదే మా కోర్సు.

కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి కదా. వాటిలో పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో పడ్డ విచారణ ఖైదీ ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే అతన్ని బాండ్ మీద వదలాలి (ఉరి, యావజ్జీవం పడే నేరాలకూ, వేరే కేసులు కూడా ఉన్నవాళ్లకూ ఇది వర్తించదు). కోర్టుకి దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పాత కేసులకీ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2022 ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్క చూస్తే దేశంలో ప్రతి వంద మంది ఖైదీల్లో 75 మందికి పైగా విచారణ ఖైదీలే. ఇంతమంది రోజుల లెక్కలు కట్టి, కాగితాలు సిద్ధం చేసి, ఇంటివాళ్లకి కబురు చేయాలంటే మనుషులు కావాలి. చిన్న దొంగతనాల్లాంటి వాటికి ఇప్పుడు సమాజ సేవ అనే శిక్ష కూడా వచ్చింది, అది సరిగ్గా చేశారో లేదో చూడటానికి ఇంకొకరు కావాలి. ఇక జైలుకి పంపకుండా మంచి నడవడిక షరతు మీద వదిలే ప్రొబేషన్ చట్టమైతే 1958 నుంచే ఉంది. పని ఇంత ఉంది, కానీ ఆ పనికి మా డిగ్రీని అర్హతగా పెట్టి పోస్టులు వేసే ఆలోచన మాత్రం కనిపించడం లేదు.

చదువు చెప్పే తీరు గురించి కూడా ఒక మాట. మొదటి సెమిస్టర్‌లో లాంబ్రోసో గురించి చెప్పారు, పుర్రె, దవడ కొలిచి పుట్టు నేరస్థుణ్ని పట్టవచ్చన్న ఇటలీ డాక్టరు. పరీక్షకి పది మార్కుల ప్రశ్న, బట్టీ పట్టి రాసేశాం. ఆ ఆలోచనకి చుట్టం లాంటిదే మన గడ్డ మీదా నడిచిందని ఎవరూ చెప్పలేదు. నేరస్థ తెగల చట్టాన్ని 1871లో తెచ్చారు, 1911లో మద్రాసు ప్రాంతానికీ తెచ్చారు, ఎరుకల కుటుంబాలని పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ కాపలాలో ఉంచారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయినా ఆ ఊరి పేరు చెబితే అనుమానంగా చూడటం ఇంకా పోలేదు. ఇదంతా నేను సొంతంగా లైబ్రరీలో వెతుక్కుని చదివాను. తెలుగు నేల మీద క్రిమినాలజీ చెబుతూ స్టూవర్టుపురం చెప్పకపోతే ఎలాగండీ? పాఠాలన్నీ అమెరికా పుస్తకాల్లోంచే, ఉదాహరణలన్నీ షికాగోవే. పైగా మా టీచర్లు ఏడాదికొకరు మారిపోతారు, జీతాలు అలా ఉన్నాయని వాళ్లే చెబుతారు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నేను అడిగేది ఒకటే. జైళ్ల శాఖలో సంక్షేమం, ప్రొబేషన్, జువైనల్ హోమ్‌లు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలు, వీటిలో వేసే పోస్టులకి క్రిమినాలజీని కూడా అర్హతల్లో రాయండి, సోషల్ వర్క్ వాళ్లతో పోటీ పడమన్నా పడతాం. ఈ ఏడాది చేరబోయే పిల్లల అమ్మానాన్నలకి కూడా ఒక విన్నపం. కౌన్సెలర్ ఏ ఉద్యోగం పేరు చెబితే ఆ ఉద్యోగం పాత నోటిఫికేషన్ అక్కడే ఫోన్‌లో తీసి అర్హత కాలమ్ చూపించమనండి. నిరుడు పాసైన బ్యాచ్‌లో ఎంతమంది ఎక్కడ పనిచేస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వమనండి. మీ పేపర్ కూడా ఇలాంటి ప్రకటన తీసుకునే ముందు ఆ లెక్క అడిగి, దాన్ని ప్రకటనలోనే వేయిస్తే బాగుంటుంది.

ఇట్లు,
క్రిమినాలజీ మూడో సంవత్సరం విద్యార్థిని, రంగారెడ్డి జిల్లా