ఇంజనీరు గారూ, మా చివరి తూముకు వంతు ఎప్పుడు?

నమస్తే సార్. వరంగల్ పక్కన కాలువ చివర రెండెకరాల వరి రైతును.

యాసంగిలో ఆరుతడి, అంటే వరి మడిని కొంత ఆరనిచ్చి మళ్లీ తడిపే పద్ధతి, చేయమని మీవాళ్లు చెప్పారు, నేను చేశాను. 30 సెంటీమీటర్ల పైపు ముక్కకు చిల్లులు పెట్టి మడిలో పాతాను. పైపులో నీరు నేలమట్టం నుంచి 15 సెంటీమీటర్లు దిగాకే మళ్లీ పెట్టాలి, పూత దశలో మాత్రం మడి ఎండకూడదు, ఇది అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతే. పనిచేస్తుంది కూడా, కాదనను.

కానీ సార్, బోరున్న వాడికి అది సులువు. పైపు చూసుకుని మోటార్ వేస్తాడు. నాలాంటి వాడు పైపు చూసి ఏం చేయాలి? ఈసారి వారబందీ నీళ్లు, అంటే వంతులవారీగా కాలువకు వదిలే నీళ్లు, ఏ రోజు వస్తాయో, అసలు చివరి దాకా వస్తాయో రావో తెలియనప్పుడు, వచ్చిన రోజే మడి నిండా పట్టి కట్ట వేసుకుంటాం, టెన్షన్ అట్లాంటిది మరి. కాలువ పైభాగం రైతులూ అదే చేస్తారు, మాకు బురద మిగులుతుంది. దీన్ని రైతు అత్యాశ అంటారు మీ మీటింగుల్లో!

పాకాల, రామప్ప చెరువులు కట్టిన నేల ఇది. మా తాతల నాడు చెరువు కింద నీరటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంతసేపో అతని చేతిలో ఉండేది.

కాబట్టి వంతు తేదీలు ముందే ఫోన్‌కు పంపండి. చివరి తూము దగ్గర ఒక కొలబద్ద నాటించండి. మన వరంగల్ ఎన్ఐటీ ఇంజనీరింగ్ విద్యార్థులను పిలిచి, మొదటి తూము నుంచి ఇక్కడికి వచ్చేలోపు ఎంత ఇంకిపోతుందో కొలిపించండి. లెక్క మా ఊరి పంచాయతీ గోడ మీద రాయించండి, నాట్లకు ముందే.