ఖాళీ పుస్తకంతో ఇంటికి పంపకండి

సంపాదకులకు నమస్కారం.

చేతితో పుస్తకాలు కుట్టుకోవడం, జీన్‌లు అని పిలుస్తున్న చిట్టి పత్రికలు తయారు చేసుకోవడం నేర్పే వర్క్‌షాపుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రంగురంగుల అట్టలు, దారపు ఉండలు, బల్ల చుట్టూ చేరిన మనుషులు, ఫొటోలన్నీ బాగున్నాయి. వ్యాసమంతా వెతికినా ఒక్క సంగతి మాత్రం కనబడలేదు. ఆ పుస్తకాల్లో ఎవరు ఏం రాశారు? రాసినదాన్ని ఎవరికి ఇచ్చారు? ఆ ఊసే లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను గ్రంథాలయ బైండింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చిరిగిన పుస్తకాల ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, విప్పి మళ్లీ కుట్టడం, వెన్నుకు గుడ్డ అంటించడం, కొత్త అట్ట వేయడం నా వృత్తి. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వెళ్లి కుట్టు నేర్పుతున్నాను. చేతిపనిని తక్కువ చేసే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. కానీ నేను వెళ్లిన చాలా చోట్ల ఒకటే వరస. రాగానే ప్రతి ఒక్కరికీ ఒక కిట్ ఇస్తారు. అందులో కొలతకు కత్తిరించిన కాగితాలు, చిల్లులు పెట్టిన అట్ట, సూది, దారం ఉంటాయి. సాయంత్రానికి అందరి చేతుల్లో ముచ్చటైన ఖాళీ నోటుపుస్తకం. గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్, సెలవు. ఆ పుస్తకంలో రాస్తే ఎక్కడ పాడవుతుందోనని చాలామంది దాన్ని అలమారలో దాచేస్తారు. ఏళ్లు గడిచినా మొదటి పేజీ తెల్లగానే ఉంటుంది. అట్టకు పెట్టిన సమయంలో సగమైనా లోపలి మాటలకు పెట్టి ఉంటే అది పుస్తకం అయ్యేది.

పని పెద్దది కావడం వల్ల రాతకు టైం చాలడం లేదని నిర్వాహకులు అంటారు. నేను ఒప్పుకోను. ఒక ఏ4 కాగితం చాలు. దాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గడులు వస్తాయి. ఇప్పుడు పొట్టి అంచులు రెండూ కలిసేలా ఒకసారి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత వెంట ఒక్క గడి మేర కత్తిరించాలి. విప్పి, ఈసారి పొడుగు అంచులు రెండూ కలిసేలా మడిచి, రెండు చివరలూ పట్టుకుని లోపలికి నెడితే కోత తెరుచుకుంటుంది, గడులు ఒకదాని మీద ఒకటి పడి ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. జిగురు లేదు, కుట్టు లేదు. ఒక్కో పేజీ 74 మిల్లీమీటర్ల వెడల్పు, 105 మిల్లీమీటర్ల ఎత్తు, చొక్కా జేబులో పడుతుంది. రాసేటప్పుడు పై వరస నాలుగు గడులూ తలకిందులుగా రాయాలన్నదొక్కటే మెలిక. అందుకే ముందు పేజీల అంకెలు మాత్రం వేసిన డమ్మీ ఒకటి మడిపిస్తాను. రాత అంతా కాగితానికి ఒకే వైపు ఉంటుంది కాబట్టి ఒక్క వైపు జెరాక్స్ తీస్తే సరిపోతుంది. నల్ల పెన్నుతో రాయాలి, పెన్సిల్ గీతలు వెలవెలబోతాయి. చుట్టూ కాస్త అంచు వదలాలి, లేకపోతే మిషన్ చివరి అక్షరాలు మింగేస్తుంది.

ఇంకొన్ని పేజీలు కావాలంటే మూడు చిల్లుల కుట్టు నేర్పుతాను. కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మడత మీద మధ్యన ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి డబ్బనంతో చిల్లులు పెట్టాలి. లోపలి నుంచి మధ్య చిల్లులోంచి సూది బయటికి తీసి, పై చిల్లులోంచి లోపలికి వచ్చి, మధ్యది వదిలేసి కింది చిల్లులోంచి బయటికి పోయి, మళ్లీ మధ్యలోంచి లోపలికి రావాలి. అక్కడ పొడుగ్గా పరుచుకున్న దారానికి అటు ఒక కొస, ఇటు ఒక కొస ఉంచి ముడి వేస్తే కదలదు. కాగితానికి నార ఏ వైపు ఉందో ముందే వంచి చూసుకోవాలి. తేలిగ్గా వంగే వైపే మడత వేస్తే పుస్తకం చక్కగా తెరుచుకుంటుంది, అడ్డంగా వేస్తే మడత పగులుతుంది. కాగితాలన్నీ ఇలా ఒకే కట్టగా మడిచి కట్టే పద్ధతి చాలా పాతది. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర ఒక జాడీలో దొరికిన తోలు అట్టల పుస్తకాలు చాలావరకు అలా ఒకే కట్టగా ఉన్నవే. క్రీస్తుశకం నాలుగో శతాబ్దం నాటివి అవి. బైండర్‌గా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇదంతా గంటా గంటన్నరలో అయిపోయే పని. మిగతా సమయమంతా రాతకే.

ఏం రాస్తారంటారా? ఒక వర్క్‌షాపుకి మతిమరుపు జబ్బున్న తల్లిని చూసుకుంటున్న ఒకావిడ వచ్చారు. నాకు కథలూ కవితలూ రావండీ అని మొదటే చెప్పేశారు. ఇంట్లో మీరు రోజూ ఎవరికో ఒకరికి చెప్పాల్సి వచ్చే మాటలే రాయండి అన్నాను. అట్ట మీద ‘అమ్మ దగ్గర కూర్చునే వాళ్లకి’ అని రాసుకున్నారు. రెండో పేజీలో తల్లి పదే పదే అడిగే ప్రశ్న: ‘నాన్న ఇంకా రాలేదేం?’ దాని కింద: ‘పోయారని చెప్పకండి. ప్రతిసారీ కొత్తగా విన్నట్టే ఏడుస్తుంది. ఆయన సంగతులు ఏమైనా చెప్పమని అడగండి, ఉత్సాహంగా చెబుతుంది.’ తర్వాతి పేజీలో ఆమె కళ్లజోడు దాచే చోట్ల బొమ్మ. దిండు గలీబు, చెప్పుల స్టాండు, దేవుడి పటం వెనక. ఇంకో పేజీలో, ఎడమ చెవి వైపు నిలబడి మాట్లాడాలని. అక్షరాలు ఒక వరసలో లేవు, ఒకచోట కొట్టివేత కూడా ఉంది. నకళ్లు తీసి పగటి ఆయాకి ఒకటి, రాత్రి ఆయాకి ఒకటి, చెల్లెలికి ఒకటి ఇచ్చారు. పక్కన కూర్చున్న పెద్దాయన తన భార్యదీ అదే పరిస్థితి అని చెప్పి ఒకటి అడిగి తీసుకున్నారు. ఇలాంటి పుస్తకాన్ని ఏ ప్రచురణకర్త వేస్తాడు? పది మందికి మాత్రమే కావాల్సిన పుస్తకం అది, కానీ ఆ పది మందికీ ఎంతో అవసరం. నత్తి ఉన్న ఒక అబ్బాయి, నా మాట పూర్తయ్యేదాకా ఆగండి, మీరు అందివ్వకండి అని తన క్లాసువాళ్ల కోసం చేసిన పత్రిక కూడా అలాంటిదే.

ఉత్తరాల శీర్షిక నడిపే మీకు ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలో 1926లో మొదలైన ‘అమేజింగ్ స్టోరీస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక, పాఠకుల ఉత్తరాలను వాళ్ల చిరునామాలతో సహా అచ్చువేసేది. అది చూసి పాఠకులు ఒకరికొకరు నేరుగా ఉత్తరాలు రాసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు. అలా పుట్టిన ఒక క్లబ్బు 1930లో షికాగో నుంచి తెచ్చిన ‘ది కామెట్’నే అభిమానులు నడిపిన మొదటి సైన్స్ ఫిక్షన్ పత్రికగా చెబుతారు. ఇప్పుడు జీన్‌లు అంటున్నవాటికి మూలం అక్కడుంది. ఒక చదువరికి ఇంకో చదువరి దొరకడంతో మొదలైన వ్యవహారం అది, ఎవరి బీరువా కోసమూ కాదు. సోవియట్ రష్యాలో అచ్చుకు అనుమతి లేని రాతలను కార్బన్ పేపర్లు పెట్టి టైపు చేసి చేతులు మార్చుకునేవారు. అందినవాళ్లు మళ్లీ టైపు చేసి ఇంకొకరికి ఇచ్చేవారు. మానవ హక్కుల వార్తలు చెప్పే ఒక పత్రిక 1968 నుంచి 1983 దాకా ఆ పద్ధతిలోనే బతికింది. ఇక మామూలు కాగితం మీద నకలు తీసే జెరాక్స్ 914 యంత్రాన్ని 1959లో బయటపెట్టాక, అలాంటివి రాను రాను ఊళ్లోకి వచ్చాక, ఎవరి పత్రిక వాళ్లు తీసుకోవడం చాలా తేలికైంది. 1982లో మొదలైన ‘ఫ్యాక్ట్‌షీట్ ఫైవ్’ అనే పత్రిక అప్పట్లో చేసిన పని ఇలాంటి చిన్న పత్రికలను సమీక్షించి, అవి ఏ చిరునామాకు రాస్తే దొరుకుతాయో చెప్పడమే.

అందుకని నిర్వాహకులను నేను కోరేది, వర్క్‌షాపును ఒక్క పూటతో ముగించవద్దని. మొదటి రోజు మడత, కుట్టు, ఏం రాయాలన్న ఆలోచన. వారం తర్వాత రెండో రోజు, రాసుకొచ్చినదానికి నకళ్లు, ఆపైన ఒకరివి ఒకరు తీసుకోవడం. కిట్లకూ సర్టిఫికెట్లకూ పెట్టే ఖర్చు నకళ్లకు పెట్టండి. పోటీలు, బహుమతులు దయచేసి వద్దు. మార్కులు వేస్తారంటే ఆ తల్లి కళ్లజోడు గురించి ఎవరూ రాయరు, అందరూ సూక్తులు రాస్తారు. రాయడం రాని వాళ్లుంటే వాళ్లు చెబుతుంటే పక్కవాళ్లు రాయవచ్చు. బొమ్మలు గీసినా పత్రికే. పిల్లలతో పాటు పెద్దవాళ్లనూ పిలవండి. మీ వ్యాసంలో దీన్ని సెలవుల కాలక్షేపంగా రాశారు, నాకు కొంచెం కష్టంగా అనిపించింది.

గ్రంథాలయాలకూ ఒక మాట. తయారైన వాటిలో ఇష్టపడి ఇచ్చినవాటికి ఒక అర కేటాయించండి, కేటలాగులో ఎక్కించండి. న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీ గ్రంథాలయం 2003 నుంచి ఈ చిన్న పత్రికలను సేకరిస్తోంది. రెండు ప్రతులు దొరికితే ఒకటి భద్రపరిచే విభాగానికి, రెండోది పాఠకులు తీసుకునే అరల్లోకి వెళుతుంది. ఒకే ప్రతిని తిప్పి తిప్పి చింపేస్తే ఏమవుతుందో బైండింగ్ బల్ల దగ్గర కూర్చున్న నాకు తెలుసు, రెండు ప్రతులు అడిగి తీసుకోండి. ఇంకా ముఖ్యమైనది: రాసినవాళ్లను అడగకుండా స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టకండి. పది మంది కోసం రాసిన ఇంటి సంగతి అది. తల్లి జబ్బు గురించి ఆయాకి చెప్పడం వేరు, లోకానికంతా చెప్పడం వేరు. అర మీద పెట్టడానికైనా సరే, పేరు ఉంచమంటారా తీసేయమంటారా అని అడిగి, వాళ్లు వెనక్కి ఇమ్మంటే ఇచ్చేయాలి.

చివరగా మీ పత్రికకు నా విన్నపం. ఏదో ఒక ఆదివారం ఒక పూర్తి పేజీలో ఎనిమిది గడుల మడత గీతలు, మధ్యలో కోత గీత, మూలన పేజీ అంకెలు మాత్రం వేయండి. పై వరస అంకెలు తలకిందులుగా ఉండాలి, ఆ వరసలో ఎడమ నుంచి 5, 4, 3, 2, కింది వరసలో 6, 7, 8, 1. గడుల్లో బొమ్మలు గానీ నినాదాలు గానీ నింపకండి, ఆ చోటు పాఠకులది. కాగితం వెనకవైపు ప్రకటన ఉన్నా ఇబ్బంది లేదు, మడతలో అది లోపలికి పోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథాలయ బైండర్