రిమ్ము బిల్లు ఎవరికి పంపాలి?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధం కార్ల పేజీలో గుంతల వల్ల రిమ్ములు వంగితే ఏం చేయాలో చెప్తూ ఒక వ్యాసం వేశారు. చదివి ఊరుకుందామనుకున్నాను. నిన్న పని మీద భీమవరం వెళ్లొచ్చాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

వ్యాసంలో తప్పులేం లేవు. గుంత రాకముందే వేగం తగ్గించాలి, చక్రం గుంతలో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఉండకూడదు అన్నారు. సరే. టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోమన్నారు. అదీ సరే. కానీ గుంత కనిపిస్తే కదండీ ఇవన్నీ! మా వైపు వానాకాలంలో రోడ్డూ, గుంతా, పక్కనున్న చేపల చెరువూ ఒకే మట్టంలో ఉంటాయి. ముందు వెళ్లే బండి ఎంత ఎగిరిందో చూసి లోతు అంచనా వేసుకోవాలి. ముందు బండి లేకపోతే ఎవరి అదృష్టం వారిది.

రైల్వే గేటు దాటాక మలుపులో ఉన్న గుంత సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మా కారు ముందు ఎడమ చక్రం అక్కడే దెబ్బతింది. అల్లాయ్ రిమ్ము లోపలి అంచు వంగింది, టైరు పక్క గోడకి ఉబ్బు వచ్చింది. ఆ ఉబ్బు సంగతి మీ వ్యాసంలో లేదు, ఉండాల్సింది. టైరు లోపలి దారాలు తెగితే వస్తుందది. దానికి పంక్చరు వేయడం కుదరదు, టైరు మార్చాల్సిందే. అలాగే తిరిగితే ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. ఇక రిమ్ము. పాత స్టీలు రిమ్ములైతే సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి సరిచేసేవారు. అల్లాయ్ అలా కాదు. చిన్న వంపైతే జాకీ ప్రెస్సు మీద పెట్టి లాగుతారు. పగులుంటే వెల్డింగ్ చేసిస్తామంటారు గానీ, ఆ వెంటనే "హైవే మీద స్పీడుగా మాత్రం పోకండి సార్" అని కూడా అంటారు. అలాంటి చక్రం మీద కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని తిరగడం నా వల్ల కాదు. రిమ్ము, టైరు, అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు అన్నీ కలిపి ఇరవై వేలు దాటింది.

ఇన్సూరెన్సు ఉందిగా అంటారు చాలామంది. మామూలు పాలసీలో టైరు ఒక్కటే పోతే పైసా రాదు. టైరుతో పాటు బండికి కూడా దెబ్బ తగిలితేనే ఇస్తారు, అప్పుడైనా కొత్త టైరు ధరలో సగమే. రిమ్ముకి క్లెయిమ్ పెడితే తరుగుదల కింద కొంత కోస్తారు, మనం తప్పనిసరిగా భరించాల్సిన వెయ్యో రెండు వేలో తీసేస్తారు. పైగా ఐదేళ్లు ఒక్క క్లెయిమూ లేకుండా నడిపినందుకు మన బండి నష్టం కోసం కట్టే ప్రీమియంలో దొరికే యాభై శాతం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, గల్లంతు. అంటే గుంత ప్రభుత్వానిది, ఖర్చు నాది, జరిమానా కూడా నాదే.

డబ్బు కట్టడం లేదా మేము? బండి కొన్నరోజే జీవితకాల పన్ను కింద దాని ధరలో ఎనిమిదో వంతుకి పైగా కట్టాం. పెట్రోలు మీద వ్యాట్ కాక, రోడ్ల అభివృద్ధి పేరుతోనే లీటరుకు రూపాయి చొప్పున సెస్సు 2020 నుంచి వసూలు చేస్తున్నారు. ఆ రూపాయి మా ఊరి దాకా ఏ రోడ్డు మీదుగా వస్తోందో గానీ ఇంకా చేరలేదు. దారిలో ఏ గుంతలో పడిందో!

చట్టం చూద్దామా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ అని ఒక సెక్షన్ ఉంది. రోడ్డును ప్రమాణాల ప్రకారం వేయకపోయినా, చూసుకోకపోయినా కాంట్రాక్టరుకి, బాధ్యులైన అధికారులకి లక్ష రూపాయల దాకా జరిమానా. చదివి సంబరపడకండి. ఎవరైనా చనిపోవాలి, లేదా వికలాంగులు కావాలి, అప్పుడే అది వర్తిస్తుంది. అదే చట్టం కింద నేను సీటు బెల్టు పెట్టుకోకపోతే మాత్రం ఎవరికీ ఏమీ కాకపోయినా వెయ్యి రూపాయల చలానా ఫోనుకి వచ్చేస్తుంది. 2013 నుంచి 2017 వరకు దేశంలో గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి సుప్రీంకోర్టే 2018లో మండిపడింది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు గుంతల వల్ల చనిపోయినవారి కుటుంబానికి ఆరు లక్షలు, గాయపడినవారికి యాభై వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వమని, ఆ సొమ్ము బాధ్యుల నుంచే రాబట్టమని చెప్పింది. మహారాష్ట్రలో మనిషికి ఆ మాత్రం విలువ కట్టారు. ఇక్కడ అదీ లేదు, ఇక రిమ్ముకి విలువేముంటుంది?

పార్టీల సంగతి రాస్తే మీరు కత్తిరిస్తారేమో, అయినా రాస్తాను. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు 2021 గాంధీ జయంతి నాడు రాజమండ్రి దగ్గర పార పట్టి రోడ్డు బాగుచేసినవారు ఇప్పుడు ప్రభుత్వంలో ఉన్నారు. అప్పుడు ప్రభుత్వంలో ఉండి గుంతలే లేవన్నట్టు మాట్లాడినవారికి ఇప్పుడు ప్రతి గుంతా కనిపిస్తోంది. 2024 నవంబరులో ముఖ్యమంత్రి అనకాపల్లి జిల్లాలో కార్యక్రమం ప్రారంభించి సంక్రాంతికల్లా రాష్ట్రంలో గుంతలు లేకుండా చేస్తామన్నారు. ఏ సంక్రాంతికో మేం అడగలేదు లెండి.

పూడ్చడం లేదని కూడా అనలేం. పూడుస్తారు, ఎలాగంటే ట్రాక్టరుతో గ్రావెల్ తెచ్చి నీళ్లున్న గుంతలోనే గుమ్మరించి, ఆ ట్రాక్టరు చక్రాలతోనే తొక్కించి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. గుంత అంచులు నిలువుగా కోసి, లోపలి బురద, నీళ్లు తీసేసి, తారు పూసి, వేడి మీద కంకర మిశ్రమం వేసి రోలరు నడపాలని ఆ శాఖలో ఎవరికీ తెలియదా? మంత్రి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి అదే పద్ధతిలో చక్కగా చేస్తారు మరి. వెనకటికి ప్రతి రోడ్డుకీ గ్యాంగ్ కూలీలుండేవారు. గుంత అరచేతి మందాన ఉన్నప్పుడే తట్టెడు కంకర, కాస్త తారు వేసి దిమ్మిస కొట్టేవారు. ఇప్పుడు వాళ్లు లేరు, టెండర్లున్నాయి. గుంత టెండరు స్థాయికి ఎదిగే దాకా ఎవరూ దాని జోలికి రారు.

మా ప్రాంతం వాళ్లకి పాపంలో వాటా లేదనను. నల్లరేగడి నేల, దాన్ని ఆనుకుని చెరువులు తవ్వేశారు, రోడ్డు అంచు ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. చేపల లారీలు దారి పొడుగునా నీళ్లు కార్చుకుంటూ పోతాయి. తారుకి నీళ్లే శత్రువు. కానీ చెరువు గట్టుకీ రోడ్డుకీ ఎంత దూరం ఉందో చూడాల్సిందెవరు, ఓవర్ లోడు లారీని ఆపాల్సిందెవరు? వాళ్లంతా నా సీటు బెల్టు చూస్తున్నారు.

కాబట్టి ఒక మనవి. మీ విలేకరి చేత సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టించండి. ఆ రైల్వే గేటు రోడ్డు చివరిసారి ఎప్పుడు వేశారు, కాంట్రాక్టరు ఎవరు, అతను ఆ రోడ్డు మరమ్మతులు చూసుకోవాల్సిన గడువు ఏ తేదీతో ముగుస్తుంది, పని బాగుందని బిల్లు మీద సంతకం పెట్టిన ఇంజినీరు ఎవరు. నేను వెళ్లి అడిగితే ఆ ఫైలు వేరే సెక్షన్‌లో ఉందన్నారు. మీరు అడిగితే ఈ సెక్షన్‌కి రావచ్చు. జవాబు వస్తే కార్ల పేజీలోనే వేయండి. నా రిమ్ము బిల్లు నకలు ఈ లేఖకి జత చేశాను. సంతకం ఎవరిదో తెలిశాక దాన్ని వారికి పంపించగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా