పేరు తెలియని మీకు, ఆలస్యంగా

2021 మొదటి నెలల్లో, కోవిడ్ హెల్ప్‌లైన్‌లో రాత్రిపూట ఫోన్ ఎత్తి మూడు రాత్రులు నాతో మాట్లాడిన మీకు ఈ కృతజ్ఞతలు. మీ పేరు నాకు తెలియదు. అడిగితే, చెప్పకూడదన్న నియమం ఉందని మర్యాదగా అన్నారు. మీ వైపు నుంచి తిరిగి ఫోన్ చేయడం కూడా ఆ నియమాల్లో లేదు. మన చివరి సంభాషణ మధ్యలో తెగిపోయింది కాబట్టి, ఆ తర్వాత నేను ఏమయ్యానో తెలుసుకునే దారి మీకు లేదు; చెప్పుకోవడానికి నాకూ ఇలా నలుగురి ముందు రాయడం తప్ప వేరే దారి కనిపించలేదు.

మొదటి రాత్రి సంగతి మీకు గుర్తుండకపోవచ్చు, అలాంటి ఫోన్లు మీకు ఎన్నో వచ్చి ఉంటాయి. నాకు వ్యాధి నిర్ధారణ అయి ఎనిమిదో రోజు. జ్వరం తగ్గింది, కానీ ఒంటరిగా ఉన్న ఆ గదిలో నిద్ర పూర్తిగా పోయింది. ఆక్సీమీటర్ 97 చూపిస్తే నమ్మకం కుదరక వేలు మార్చి మళ్లీ పెట్టేవాణ్ణి. 98 వస్తే యంత్రం పాడైందేమోనని అనుమానించేవాణ్ణి. ఆ రాత్రి ఛాతీ బిగుసుకుపోయి, వేళ్లు తిమ్మిరెక్కి, ఇక ఊపిరి అందదన్న భయంతో మీకు ఫోన్ చేశాను. మీరు ముందు అడిగింది నా భయం గురించి కాదు, వైద్యుడు చూశారా లేదా అని. ఛాతీలో ఇబ్బంది ఉన్నప్పుడు అది భయమేనని ఫోన్‌లో తేల్చడం తన పని కాదని, ముందు డాక్టరుగారితో మాట్లాడి మళ్లీ చేయమని చెప్పారు. ఆయన నన్ను గదిలోనే ఆరు నిమిషాలు నడిచి కొలత చూడమన్నారు. 96 వచ్చింది, ప్రమాదం కనిపించడం లేదన్నారు. మళ్లీ ఫోన్ చేస్తే, నా అదృష్టం, మీరే ఎత్తారు.

అప్పుడు మీరు చెప్పిన మాటలు దాదాపు అలాగే జ్ఞాపకం ఉన్నాయి. ఊపిరి చాలడం లేదనిపించినప్పుడు మనిషి తెలియకుండానే గబగబా పీలుస్తాడని, దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఉండవలసినదానికన్నా తగ్గుతుందని, వేళ్ల తిమ్మిరి, తల తిరగడం, గాలి ఇంకా చాలడం లేదన్న భావన అందుకే కలుగుతాయని వివరించారు. పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే తీవ్రస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుందని చెప్పి, గడియారం ఎదురుగా పెట్టుకోమన్నారు. పీల్చడంకన్నా వదలడం నెమ్మదిగా జరగాలన్న ఒక్క సూచన ఇచ్చి, మిగతా సమయమంతా దాదాపు మౌనంగా లైన్లో ఉన్నారు. అప్పటికి కొన్ని వారాలుగా, తెలిసినవారందరూ నాకు చెప్పిన మాట "ధైర్యంగా ఉండు" ఒక్కటే. ఆ మాట విన్న ప్రతిసారీ, ధైర్యం లేకపోవడం కూడా నా తప్పుల జాబితాలో చేరేది. మీరు ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఏం జరుగుతోందో చెప్పారు, అది జరుగుతున్నంతసేపూ ఉన్నారు.

రెండో రాత్రి మీరిచ్చిన సలహాకు నేను నవ్వాను, క్షమించాలి. రోజుకు అరగంట, పట్టపగలు, పడకగదిలో కాకుండా మరొకచోట కూర్చుని దిగులుపడమన్నారు! రాత్రి వచ్చిన ఆలోచనను ఒక్క ముక్కలో నోటు పుస్తకంలో రాసి, దాని సంగతి రేపు సాయంత్రం నాలుగున్నరకు చూస్తానని వాయిదా వేయమన్నారు. భయానికి అపాయింట్‌మెంట్ ఇవ్వడమా అనుకున్నాను. చేయగా చేయగా తెలిసిందేమిటంటే, రాత్రి రాసుకున్నవాటిలో సగానికి పైగా సాయంత్రానికి ఎందుకు రాశానో నాకే అర్థమయ్యేవి కావు. మిగిలినవి మాత్రం నిజమైన కష్టాలే: ఉద్యోగం నిలుస్తుందా, వేరే ఊళ్లో ఉన్న నాన్నగారికి ఎవరు తోడు, ఇంటి అప్పు మాటేమిటి. వాటికి కావలసింది ఓదార్పు కాదు, ఒక ఫోన్, ఒక దరఖాస్తు, ఒక లెక్క. చేయదగ్గ పనిని, భరించక తప్పని బాధను వేరువేరు పేజీల్లో రాయమన్నది కూడా మీరే. వార్తలు రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే సూచించిందని మీరు చెప్పేదాకా, గంటగంటకూ మృతుల సంఖ్య చూడడం నా బాధ్యత అన్నట్టు ప్రవర్తించాను.

ఇక్కడ మరికొందరికి కృతజ్ఞతలు చెప్పాలి. ప్రతి బుధవారం ఫోన్ చేసి ఆఫీసు విషయం ఒక్కటీ ఎత్తని నా పైఅధికారికి. వీడియో కాల్ పెట్టుకుని, మాట్లాడకుండానే, తన పని తాను చేసుకుంటూ గంటలకొద్దీ నా ఎదుట ఉన్న చెల్లెలికి. వీరిద్దరికీ నేను విడిగా చెప్పుకున్నాను కనుక ఇక్కడ పొడిగించను.

ఆసుపత్రిలో నాన్నగారిని చూసుకున్న నర్సుగారికి మాత్రం విడిగా చెప్పలేకపోయాను. ఆయన ఫిబ్రవరిలో పోయారు. లోపలికి ఎవరినీ రానివ్వని రోజులవి. డ్యూటీ ముగిసి, పీపీఈ కిట్ విప్పిన తర్వాత, ఆమె తన సొంత ఫోన్ నుంచి చెల్లెలికీ నాకూ కలిపి ఫోన్ చేసి ఆయన చివరి రెండు రోజులు ఎలా గడిచాయో చెప్పారు. కళ్లజోడు కోసం రెండుసార్లు అడిగారట. గోడ గడియారం ఏడు నిమిషాలు వెనకబడిందని ఫిర్యాదు చేశారట. అది విని మేమిద్దరం ఏడుస్తూనే నవ్వాం, ఎందుకంటే అది అచ్చం ఆయనే. మనిషిని చూడకుండా, చేయి పట్టుకోకుండా సాగనంపవలసి వచ్చినప్పుడు ఆ మరణం నిజంగా జరిగిందని మనసు ఒప్పుకోదు. ఆ ఏడు నిమిషాల గడియారం లేకపోతే నాన్నగారి చివరి రోజులు నాకు ఒక అంకెగానే మిగిలిపోయేవి.

అయినా ఆ దుఃఖం కదలలేదు. ఏడాది దాటినా ఆయన వస్తువులున్న పెట్టె తెరవలేకపోయాను. 2022లో కలిసిన మానసిక వైద్యురాలు, ఆరు నెలలకు మించి తీవ్రత తగ్గకుండా రోజువారీ జీవితాన్ని అడ్డుకునే దుఃఖాన్ని అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదకొండో కూర్పు ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించిందని చెప్పారు. నాకు దానితోపాటు కుంగుబాటు కూడా ఉందని మందులు రాసి, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో సొంతంగా మానవద్దని ముందే హెచ్చరించారు. మూడో వారంలో మానేయాలనిపించినప్పుడు ఆ హెచ్చరికే ఆపింది. ఆమెకూ నా కృతజ్ఞతలు. మహమ్మారి మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది కూడా ఆ ఏడాది మార్చిలోనే. ఆ వార్త చదివి ఊరట కలిగిందని అనను, ఇంతమంది బాధలో ఊరట ఏముంటుంది? సిగ్గు మాత్రం కొంత తగ్గింది.

ఇక మూడో రాత్రి. నాన్నగారు పోయిన పదో రోజు. నేను మీతో మర్యాదగా మాట్లాడలేదు. "మీకేం తెలుసు, మీ నాన్న పోయారా?" అని అరిచాను. మీరు నొచ్చుకున్నట్టు కనిపించలేదు. కాసేపు ఆగి, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా అడగడం వల్ల ప్రమాదం పెరగదని వైద్యురాలు తర్వాత నాకు చెప్పారు. నా అనుభవం కూడా అదే, ఎందుకంటే ఆ ప్రశ్న వినగానే మొదటిసారిగా దాచవలసింది ఏమీ లేదనిపించింది. చనిపోవాలని లేదని, పొద్దున లేవాలని కూడా లేదని చెప్పాను. అయితే రేపు పొద్దున లేవగానే ఎవరితో మాట్లాడతారని మీరు అడిగారు. సరిగ్గా అక్కడ ఫోన్ ఆగిపోయింది.

నేను పెట్టేయలేదండీ. ఛార్జింగ్ అయిపోయింది. ఛార్జర్ వెతికి మళ్లీ చేసేసరికి వేరొక గొంతు పలికింది. ఆయన కూడా తెల్లవారేదాకా ఓపికగా ఉన్నారు, వారికీ నమస్కారాలు. కానీ నేను కోపంతో ఫోన్ పెట్టేశానని, అంతకంటే దారుణమైనదేదో జరిగిందని మీరు ఇన్నేళ్లుగా అనుకుంటున్నారేమోనన్న ఆలోచన నన్ను వదలలేదు. మీ ప్రశ్నకు జవాబు: చెల్లెలితో మాట్లాడాను. ఆరున్నరకు.