తొమ్మిదో తరగతి పిల్లలు, ముగ్గురి కళ్లతో నడిచే ఒక లావుపాటి నవల

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో తొమ్మిదో తరగతి పిల్లల బ్యాగులు కాస్త బరువెక్కాయి. లైబ్రరీ పీరియడ్లలో వాళ్లు ‘ఎలాంట్రిస్’ అనే ఇంగ్లిష్ నవల చదువుతున్నారు, ఇంటికీ తెచ్చుకుంటున్నారు. రచయిత బ్రాండన్ శాండర్సన్. 2005లో వచ్చిన ఈ పుస్తకం ఆయన అచ్చయిన నవలల్లో మొదటిది. ఎపిక్ ఫాంటసీ అంటారు చూడండి, ఊహాలోకంలో రాజ్యాలు, మంత్రశక్తులు, ఎత్తులు పైఎత్తులు ఉండే పెద్ద కథ, ఆ కోవలోది. పుస్తకం ఇంటికొచ్చాక మీలో చాలామంది ఇంచుమించు ఒకే మాట అడిగారు: ‘మావాడు వంద పేజీలు చదివాడు. కథేంట్రా అంటే నీళ్లు నములుతున్నాడు. అసలు అర్థమవుతోందంటారా?’

అర్థమవుతోంది. వంద పేజీల దగ్గర ఈ కథను రెండు ముక్కల్లో చెప్పమంటే నేనూ తడుముకుంటాను. ఎందుకంటే అప్పటికింకా అది ఒక కథ కాలేదు, మూడు కథలుగానే ఉంది.

మొదటి అధ్యాయంలో రేయోడెన్ అనే రాజకుమారుడు నిద్ర లేచేసరికి ఒళ్లంతా మారిపోయి ఉంటుంది. ఒకప్పుడు ఆ మార్పు వచ్చినవాళ్లు దేవతల్లా వెలిగేవారు. పదేళ్ల కిందట ఏదో జరిగి ఆ వరమే శాపమైంది. ఇప్పుడు అది సోకినవాళ్లను ఎలాంట్రిస్ అనే పాడుబడ్డ నగరంలోకి తోసి తలుపులు మూసేస్తారు. అక్కడ తగిలిన దెబ్బ మానదు, ఆకలి తీరదు, అయినా ప్రాణం పోదు. బయట మాత్రం రాజకుమారుడు చనిపోయాడని ప్రకటిస్తారు. రెండో అధ్యాయంలో అతన్ని పెళ్లాడడానికి పరదేశం నుంచి సరీన్ అనే రాజకుమారి వస్తుంది. దిగగానే వరుడు లేడన్న కబురు. ఒప్పందం ప్రకారం ఆమె అప్పటికే అతని భార్య కింద లెక్క, అంటే ఇప్పుడు విధవ. మూడో అధ్యాయంలో హ్రేథెన్ అనే మతాధికారి ఓడ దిగుతాడు. మూడు నెలల్లో ఈ రాజ్యాన్నంతా తన మతంలోకి తేవాలి, లేదంటే అతని సామ్రాజ్యం దీన్ని నామరూపాలు లేకుండా చేస్తుంది. ఇక అక్కడి నుంచి రేయోడెన్, సరీన్, హ్రేథెన్, మళ్లీ రేయోడెన్. పుస్తకంలో చాలా భాగం ఇదే వరసలో సాగుతుంది.

పాఠ్యపుస్తకాల్లో మన పిల్లలకు అలవాటైన కథ వేరు. ఒక హీరో, ఒక సమస్య, చివర ఒక పరిష్కారం. ఇక్కడ ఒకరితో మనసు కలిసే లోపు అధ్యాయం అయిపోతుంది, ఇంకో ఊళ్లో ఇంకో మనిషి తలలోకి వెళ్లాలి. మొదట్లో చిరాకే. కానీ ఈ పద్ధతిలో ఒక తమాషా ఉంది. రేయోడెన్ బతికే ఉన్నాడని పాఠకుడికి తెలుసు, సరీన్‌కు తెలియదు. ఆమె దుఃఖం చదివేటప్పుడు మనం ఆమె పక్కనే ఉంటాం, కానీ ఆమె కంటే మనకు ఎక్కువ తెలుసు. ‘మేడమ్, ఆమెకి ఎవరైనా చెప్పొచ్చు కదా!’ అని క్లాసులో ఒకమ్మాయి దాదాపు అరిచినంత పని చేసింది. ఆ రోజుతో నా టెన్షన్ తీరింది.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. భారతంలో కురుక్షేత్ర యుద్ధాన్ని మనకు చెప్పేది సంజయుడు. వినేది ఎవరు? కొడుకులు చచ్చిపోతుంటే కళ్లతో చూడలేని తండ్రి. పైగా భీష్ముడు పడిపోయాడన్న వార్త ముందు చెప్పేసి, తర్వాత మొదటి రోజు నుంచి మొదలుపెడతాడు. పాండవుల గెలుపు కథను ఓడిపోయేవాళ్ల ఇంట్లో కూర్చుని వింటున్నాం మనం. తిక్కన భీష్మపర్వం చదివినవాళ్లు ఫాంటసీ నవలలు చూసి బెదరాల్సిన పని లేదు. తొమ్మిదో తరగతివాళ్లకు ఈ మాట చెబితే నావైపు జాలిగా చూశారు, అది వేరే సంగతి.

ఈ నవలను ఎంచుకోవడానికి అసలు కారణం హ్రేథెన్. బయటి నుంచి చూస్తే అతను విలన్, సరీన్ కళ్లకు అతను అలాగే కనిపిస్తాడు. అతని అధ్యాయం వచ్చేసరికి తెలుస్తుంది, తను వీళ్లను నాశనం నుంచి కాపాడుతున్నానని అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఇంతకుముందు ఇంకో దేశంలో తను చేసిన పనివల్ల పారిన రక్తం అతన్ని నిద్రపోనివ్వడం లేదు. అతను చేసేది తప్పని పిల్లలకు తెలుసు, అయినా అతని బాధ పట్టించుకోకుండా ఉండలేకపోతున్నారు. ఈ ఇబ్బంది పద్నాలుగేళ్ల వయసులో ఎదురవ్వాలనే నా కోరిక. ఇద్దరు పిల్లలు కొట్టుకుని నా గదికొచ్చినప్పుడు ఎవరి కథ వాళ్లు చెబుతారు, రెండూ నిజమే అనిపిస్తాయి. అవతలివాడి వైపు నుంచి ఒకసారి చెప్పు అంటే మాత్రం ఇద్దరూ మౌనం. ఒక్క నవలతో అది మారిపోతుందని నేననను.

హ్రేథెన్ అధ్యాయాలు నచ్చక కొందరు దాటేసి చదువుతున్నారు. అలా వదలకూడదని మా ఇంగ్లిష్ టీచర్ అంటారు. నేను మాత్రం దాటనివ్వండి అంటాను. రెండు అధ్యాయాలయ్యేసరికి ఏదో ముడి అందక వాళ్లే వెనక్కొస్తారు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

పేర్ల గురించి కూడా ఒక మాట. నోరు తిరగని పేర్లు, డిక్షనరీలో దొరకని పదాలు చూసి కొందరు తమకు ఇంగ్లిష్ రాదేమోనని దిగులుపడుతున్నారు. ఆ పదాలు రచయిత కల్పించినవి, ఎవరికీ రావు. ఎలా పలికినా పర్వాలేదు. మా స్టాఫ్‌రూమ్‌లో హ్రేథెన్ పేరును ఎవరికి తోచినట్టు వాళ్లు పలుకుతున్నారు.

తొలి నవలను తీసుకోవడం వెనుక కూడా ఒక ఆలోచన ఉంది. ఆయన అంతకుముందే ప్రచురణ కాని నవలలు చాలా రాసి పెట్టుకున్నారట. మొదటిదంటే అచ్చయిన వాటిలో మొదటిది. ఇది పిల్లలకు చెబితే వాళ్ల కాంపోజిషన్ నోట్‌బుక్ వైపు కాస్త గౌరవంగా చూసుకున్నారు. తొలి నవలకుండే లోపాలు దీనికీ ఉన్నాయి. సరీన్ తెలివి ఒక్కోచోట రచయిత అవసరం కోసం పెరిగినట్టుంటుంది. చిన్న పాత్రలు కొన్ని చప్పగా ఉన్నాయి. అంతసేపు నిదానంగా తిరిగిన వరస చివర్లో చెదిరి, ఒకే అధ్యాయంలో ఒకరి నుంచి ఇంకొకరికి గబగబా దూకుతుంది. అది లోపమా, కావాలని చేసిందా అని క్లాసులో వాదన జరుగుతోంది. గొప్ప గ్రంథమని చేతికిస్తే పిల్లలు తప్పు పట్టడానికి జంకుతారు. ఇక్కడ ఆ జంకు లేదు.

రెండు జాగ్రత్తలు. కథలో మతం, మత మార్పిడి, దాని పేరుతో జరిగే హింస ప్రధానంగా ఉన్నాయి. మతాలన్నీ కల్పితాలే, అయినా ఇంట్లో ప్రశ్నలు వస్తాయి. వస్తే మాట్లాడండి, లేదా నా దగ్గరకు పంపండి. రెండోది, ఫాంటసీ అన్నారు కదా అని అన్నీ ఒకే గాటన కట్టకండి. 1996లో వచ్చిన ‘ఎ గేమ్ ఆఫ్ త్రోన్స్’ కూడా అధ్యాయానికో పాత్ర కళ్లతో నడిచేదే, అధ్యాయాలకు పాత్రల పేర్లే పెట్టారు. మంచి పనితనం ఉన్న పుస్తకం. కానీ అది పెద్దవాళ్ల కోసం రాసింది. అందులోని హింస, లైంగిక విషయాలు ఈ వయసుకు తగవు. మా లైబ్రరీలో అది లేదు, పెట్టం కూడా.

దీనికి పరీక్ష లేదు, మార్కులు లేవు. ఒక్కటే పని ఇచ్చాం: నవలలో తన అధ్యాయమంటూ లేని ఒక మనిషిని ఎంచుకుని, ఒక సన్నివేశాన్ని అతని వైపు నుంచి రాయాలి. కొడుకును చచ్చినవాడి కింద జమకట్టిన రాజు కావచ్చు, కోట కాపలావాడు కావచ్చు. తెలుగులో రాసినా సరే. దయచేసి మీరు రాసిపెట్టకండి, చూడగానే తెలిసిపోతుంది.

ఇంట్లో కథ ఎంతవరకు వచ్చిందని అడగాలనిపిస్తే, ‘ఇప్పుడు ఎవరి అధ్యాయం?’ అని అడిగి చూడండి. జవాబు ఆ ఒక్క పేరుతో ఆగదు. సగంలో వదిలేస్తానంటే వదలనివ్వండి, లైబ్రరీలో సన్న పుస్తకాలు కూడా ఉన్నాయి. ప్రతులు తక్కువ, కాబట్టి శుక్రవారం తెచ్చిన పుస్తకం సోమవారం తిరిగి రావాలి. మీలో కొందరు పిల్లల కంటే ముందే పూర్తి చేశారని విన్నాను. సంతోషం. హ్రేథెన్ చివరికి ఏమవుతాడో మాత్రం వాళ్ల దగ్గర అనకండి.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు